సింధు ఎంచిన పుంజు

కంపెనీ బస్సు కెలమంగలం బస్టాండులో దింపేసరికి పొద్దున ఏడున్నర అయ్యేది. ఆ వేళకి సింధు కళ్లు తెరుచుకునే ఉండేవి గానీ మనిషి సగం నిద్రలో ఉండేది. హోసూరు దగ్గర ఫోన్లకి అద్దాలు బిగించే ఫ్యాక్టరీలో ఆమెకి ఎక్కువగా రాత్రి షిఫ్టే పడేది. తెల్లటి దీపాల కింద కూర్చుని, అద్దం మీద గీత ఉందా లేదా అని చూడటం పని. ఇరవై సెకన్లకోసారి మిషను బీప్ అనేది. అనగానే ఒక అద్దం పోయి ఇంకొకటి వచ్చేది. బస్సు దిగి మంచులో నడుస్తుంటే టీ అంగళ్ల ఆవిరి, టమాటా పెట్టెలు ఎక్కిస్తున్న లారీలు, మఫ్లర్లు చుట్టుకుని ఎదురొచ్చే మనుషులు, అన్నీ నీళ్ల అడుగున కదులుతున్నట్టు ఉండేవి.

బస్టాండు నుంచి పావుగంట నడిస్తే మంజులమ్మ ఇల్లు. మంజులమ్మకి యాభై దాటాయి. భర్త రామచంద్ర మల్బరీ తోట, పట్టుపురుగుల పని చూసుకుంటాడు. పురుగుల షెడ్డుకి ఆనుకుని ఉన్న గదిని ఆరు నెలల కిందట సింధుకి అద్దెకిచ్చారు. సింధుది భీమవరం అవతల ఒక పల్లె. గది చూడటానికి వచ్చిన రోజు ఆమె అడిగింది ఒక్కటే మాట.

“పగలు ఇక్కడ సందడి ఉండదు కదండీ? నాది రాత్రి డ్యూటీ.”

“ఈడ ఏం సందడి ఉంటాదమ్మా. పురుగులు ఆకు తినే సద్దు తప్ప,” అంది మంజులమ్మ.

అది నిజమే. నాలుగో జ్వరం దాటి, అంటే నాలుగోసారి పొర విడిచి లేచిన పురుగులు ఆకు నములుతుంటే, గోడ అవతల సన్నటి వాన పడుతున్నట్టే ఉంటుంది. సింధు కిటికీ రెక్క సగం మూసి ఆ వానలో పడుకునేది. కానీ నిద్ర పట్టిన కాసేపటికే కలలో మిషను బీప్ అనేది. ఉలిక్కిపడి లేచేది. మళ్లీ పడుకునేది. మళ్లీ బీప్. మధ్యాహ్నం రెండింటికి లేచేసరికి పడుకోనట్టే ఉండేది ఒళ్లు.

అలాంటి వేళల్లో ఆమె కిటికీలోంచి కోళ్లని చూస్తూ కూర్చునేది. మంజులమ్మకి తొమ్మిది పెట్టలున్నాయి, ఒకదానికొకటి పోలిక లేకుండా. నాలుగు చిన్న నాటుపెట్టలు. కృష్ణగిరి నుంచి పిల్లలుగా తెచ్చి పెంచిన గిరిరాజ పెట్టలు మూడు, ఒక్కొక్కటి కుదిమట్టంగా బుట్టంత ఉంటుంది. కడక్‌నాథ్ పెట్ట ఒకటి, ముక్కు నుంచి కాలిగోరు దాకా నలుపే. తొమ్మిదోది తెల్లది. హోసూరు రోడ్డు మీద గుడ్ల ఫారం లారీలోంచి జారి పడితే రామచంద్ర తెచ్చాడు. పుట్టినప్పటి నుంచి ఇనప గూట్లోనే ఉందేమో, వచ్చిన కొత్తలో దానికి నడవడమే తెలియలేదట. ఇప్పటికీ ఆకాశం కింద నిలబడి ఏం చేయాలో తోచనట్టు ఉంటుంది. సింధుకి అదంటే ఇష్టం.

ఒక ఆదివారం సెలవు. సింధు బయటికి వచ్చేసరికి మంజులమ్మ ఒక నాటుపెట్టని బకెట్టు నీళ్లలో మెడదాకా ముంచి పట్టుకుని ఉంది.

“ఏంటి పిన్నీ, దానికి తలంటు పోస్తున్నారా?”

“పొదుగు పిచ్చి పట్టింది దీనికి. నాలుగు దినాలైంది గూట్లోంచి లేచి. ఇట్ల ముంచితే ఒళ్లు చల్లబడి మరిచిపోతాది.”

“మరిచిపోవడం ఎందుకు? గుడ్లు పెట్టి పొదగనివ్వచ్చు కదా.”

“పుంజు లేని గుడ్లమ్మా. ఇరవై దినాలు కూసున్నా పిల్లలెట్ల వస్తాయి?”

“అయితే పుంజుని తెచ్చుకోవచ్చుగా.”

మంజులమ్మ కోడిని పైకి తీసి, తడి ఈకల్ని అరచేత్తో నిమిరి ఎండలో వదిలింది. పక్కనే ఆకు కట్ట దించుతున్న రామచంద్ర నవ్వాడు.

“నీ కోసరమే కదమ్మా తేలేదు. పాత పుంజుని కుక్కలు పట్టినాక ఇంకోటి తెస్తామని అనుకుంటా ఉంటిమి. అంతలో నువ్వు వచ్చినావు. పగలు పండుకునే బిడ్డ, సందడి లేదని మాటిచ్చినాను, పుంజెట్ల తెచ్చేది అనింది ఈమె.”

“నీకు ఊరికే ఉండేది చేతగాదా?” అంది మంజులమ్మ భర్తతో.

ఆరు నెలలుగా ఆ పెరట్లో ఒక కూత వినపడకపోవడం, పెట్టలు ఉత్త గుడ్ల మీద కూర్చుని కూర్చుని లేవడం, అంతా తన నిద్ర కోసమని సింధుకి అప్పటిదాకా తెలియదు. వచ్చి మంజులమ్మ పక్కన చప్టా మీద కూర్చుంది.

“నాకు ఎలాగూ నిద్ర పట్టట్లేదు పిన్నీ. పుంజుని తెద్దాం. నేను చూసిపెడతాను. మా నాన్న కోళ్లు పెంచేవాడు. నాకు తెలుసు.”

మంజులమ్మ ఆమె మొహంలోకి చూసింది. “నిజంగానే తెలుసునా, నాకోసరం చెప్తా ఉండావా?”

“నిజంగానే.”

పుంజు మాట చెవిన పడి ఆ సాయంత్రమే పొరుగింటి ఆంజప్ప వచ్చాడు. ఆయన దగ్గర పందెం జాతి పుంజులు మూడున్నాయి. పందాలకి పోడు, వాటి అందం చూసుకోవడానికే పెంచుతాడు. “పుంజంటే నా దగ్గర ఉండేదే పుంజు. వచ్చి చూడండప్పా,” అని ఇద్దర్నీ వెంటబెట్టుకుని పోయాడు.

తాడు కట్టిన ఎర్ర పుంజుని చూడగానే సింధు ఆగిపోయింది. ఎత్తయిన కాళ్లు, రాయిలాంటి ఛాతీ, వాలిన ఎండలో రాగిలా మెరుస్తున్న మెడ. డేగ రంగు. ఆమె అడక్కుండానే వంగి, ఒక చెయ్యి పొట్ట కిందికి పోనిచ్చి దాన్ని ఎత్తుకుంది. పుంజు గింజుకోలేదు. చేతులు వాటంతటవే రెక్క కింద చూశాయి, తొడ పట్టి చూశాయి, వెన్ను మీద వేలు నడిపాయి. ఆ వేడి, ఆ ఈకల వాసన తగిలేసరికి సింధు కెలమంగలంలో లేదు. పదకొండేళ్ల పిల్లయి చెరువు గట్టు పక్కన ఇంట్లో ఉంది.

అప్పుడామె ఒక డేగ రంగు కోడిపిల్లని తనే పెంచింది. అది ఆమె మంచం కోడు దగ్గర పడుకునేది. స్కూలు నుంచి వచ్చే వేళకి గేటు మీదికి ఎక్కి చూసేది. ఏడాది నిండాక ఒకరోజు నాన్న దాన్ని చంకలో పెట్టుకుని పందేనికి బండెక్కాడు. సాయంత్రం ఇంట్లో కోడికూర వండారు. సింధు ఆకలి మీద ఉంది. రెండు ముద్దలు తిన్నాక, గేటు మీద ఏమీ లేదని గుర్తొచ్చింది. నాన్న మీద కోపం వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత కూడా కోళ్లకి నీళ్లు పెట్టింది, వాటి మేతకి బాదంపప్పు నానబెట్టింది. మళ్లీ దేనికీ పేరు మాత్రం పెట్టలేదు.

“చూసినావా,” అన్నాడు ఆంజప్ప. “నా చేతిలో కూడా ఇట్ల నిలవదు అది.”

సింధు పుంజుని మెల్లగా కింద పెట్టింది. వదలాలని లేదు.

“చాలా బాగుందండీ. ఇంత బాగున్నదాన్ని ఈ మధ్య చూడలేదు. కానీ మన పెరటికి వద్దు పిన్నీ.”

“ఎందుకమ్మా?” అన్నాడు ఆంజప్ప, నొచ్చుకోకుండానే.

“ఇది ఎప్పుడూ ఇంకో పుంజు కోసమే చూస్తుందండీ. పక్కింట్లో కూత వినబడితే చాలు, తిండి మానేసి కంచె దగ్గరే తిరుగుతుంది. మీ పుంజులు ఇటుంటాయి, ఇది అటుంటుంది. దానికీ మనశ్శాంతి ఉండదు, పెట్టలకీ ఉండదు.”

తిరిగొస్తుంటే మంజులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. దారిలో సింధు ఆ రెండు ముద్దల సంగతి తనంతట తనే చెప్పింది. మంజులమ్మ ఇంటిదాకా చెయ్యి వదల్లేదు.

సంత రోజు పొద్దున మంజులమ్మ గంప పట్టుకుని బస్టాండులో నిలబడింది. సింధు బస్సు దిగి, ఇంటికి పోకుండా ఆమెతో సంతకి నడిచింది. రాత్రంతా అద్దాలు చూసిన కళ్లకి సంత రంగులన్నీ అంచులు కరిగి ఒకదాంట్లోకి ఒకటి పారుతున్నట్టున్నాయి. తమిళంలో ధర అడిగితే కన్నడంలో జవాబు, తెలుగులో బేరం. కొత్తిమీర వాసన మీదుగా ఎక్కడో కోడి కూత తేలి వచ్చింది.

మొదట శశికుమార్ దాణా అంగడికి పోయారు. ఆయన దగ్గర గిరిరాజ పుంజు ఉంది. నాలుగు కేజీలు తూగుతుందన్నాడు. గచ్చు మీద నడుస్తుంటే కాళ్ల చప్పుడు వినిపిస్తోంది.

“మీ గిరిరాజ పెట్టలకి సరైన జోడు అక్కా. పిల్లలు బిన్నే, తొందరగా బరువొస్తాయి.”

మంజులమ్మకి అది నచ్చింది. సింధు వైపు చూసింది.

“ఆ మూడింటికీ బాగానే ఉంటుంది. నాటుపెట్టలు ఒక్కొక్కటి కేజీంబావు కూడా ఉండవు. ఇది ఎక్కితే వాటి వీపులు చీరుకుపోతాయి. పొదిగేది అవే కదా పిన్నీ. గిరిరాజ పెట్టలు గుడ్లు పెడతాయి గానీ వాటి మీద కూర్చోవు. ఆ నాలుగూ బాగుంటేనే మనకి పిల్లలు.”

“అదీ నిజమే,” అన్నాడు శశికుమార్. “అయితే నాటుపుంజునే చూసుకోండి. చిన్నది వద్దు, మధ్యరకం చూడండి. ఎండాకాలం వస్తా ఉండాది.”

కోళ్ల వరసలో పది పదిహేను పుంజులున్నాయి, కాళ్లు కట్టి పడుకోబెట్టినవి, గంపల కింద ఉన్నవి. సింధు కొంగున రాగులు పోయించుకుని ఒక్కో గంప దగ్గరా కూర్చుంది. గుప్పెడు గింజలు చల్లి, గడ్డం మోకాళ్ల మీద ఆనించి చూస్తుంది. పుంజు గబగబా తినేస్తే లేచి పక్క గంపకి పోతుంది. అమ్మేవాళ్లు ఆమెని వింతగా చూశారు. ఒకటి చెయ్యి పొడిచింది. ఒకటి కళ్లు మూసుకుని వినపడనట్టు ఉండిపోయింది. మంచు తొలగి ఎండ వచ్చింది. సింధుకి కళ్లు మూతలు పడుతున్నాయి.

వరస చివర, జవళగిరి నుంచి వచ్చిన వెంకటసుబ్బమ్మ అనే ముసలామె దగ్గర ఒక పుంజు, రెండు పెట్టలు ఒకే గంప కింద ఉన్నాయి. పుంజు చూపుకి ఏమంత బాగోలేదు. బూడిద, ఇటుకరంగు కలిసిన ఒళ్లు. మెడ మీద ఈకల్లేవు. ఎర్రటి బోడిమెడ, దాని మీద చిన్న తల. బట్టలు సరిపోక పొట్టి చొక్కా తొడుక్కున్న మనిషిలా ఉంది.

సింధు గింజలు వేసింది. పుంజు ఒక గింజని ముక్కుతో పట్టింది. మింగలేదు, కింద వదిలింది. మళ్లీ పట్టింది, మళ్లీ వదిలింది. గొంతులో కొక్ కొక్ కొక్ అని మెత్తగా పిలిచింది. పెట్టలు రెండూ వచ్చి తిన్నాయి. అవి తింటున్నంతసేపూ అది తల ఒక పక్కకి వంచి ఒక కన్నుతో పైకి చూస్తూ నిలబడింది.

“ఇదే పిన్నీ,” అంది సింధు.

మంజులమ్మ కాసేపు ఆ మెడ వంక చూసింది. “బోడిమెడ జాతి కదమ్మా ఇది.”

“అవును. ఆ మెడ వల్లే ఎండకి ఓర్చుకుంటుంది. బరువు కూడా మధ్యరకం. నాటుపెట్టలకి భారం కాదు, పెద్దవాటికి మరీ చిన్నది కాదు.”

“అడివి పక్కన తిరిగిన పుంజు తల్లీ,” అంది వెంకటసుబ్బమ్మ. “ఒక్క పిల్లని పోగొట్టుకోలేదు. మా ఇంట్లో రెండైనాయని అమ్ముతా ఉండాను గాని, మనసు ఒప్పుకోలే.”

బేరం తొందరగానే కుదిరింది. ఇంటికి ఆటోలో వస్తుంటే సింధు పుంజుని ఒళ్లో పెట్టుకుని నిద్రపోయింది. రెండు మలుపులు తిరిగినా, గేదెలు అడ్డమొచ్చి ఆగినా ఆమెకి తెలియలేదు. పుంజు కూడా కదల్లేదు. మంజులమ్మ ఒక చేత్తో ఆమె తల పడకుండా పట్టుకుని కూర్చుంది.

కానీ పెరట్లో దించాక సంగతి వేరుగా నడిచింది. గిరిరాజ పెట్టలు మూడూ కలిసి పుంజుని తరిమాయి. దాణా దగ్గరికి రానివ్వలేదు. అది తిరగబడలేదు, పక్కకి తప్పుకుంది. అందరూ తిన్నాక మిగిలింది తినేది. వారమైనా కూయలేదు. మంజులమ్మ మాత్రం మొదటి రోజే సింధు కిటికీకి గోనెపట్టాలు రెండు వరసలుగా కట్టింది.

“సింధమ్మా, నువ్వు తెచ్చింది పుంజునా, చుట్టాన్నా?” అన్నాడు ఆంజప్ప కంచె మీదుగా. “ఆడోళ్లు తిన్నంక తింటా ఉండాది, పాపం.”

సింధు నవ్వింది గానీ లోపల సందేహం మొదలైంది. గోనెపట్టా పక్కకి జరిపి చూస్తూ పడుకునేది. ఎండలో పుంజు ఒక్కటే మల్బరీ మొదట్లో నిలబడి ఉండేది.

ఆ రోజు పన్నెండు గంటల వేళ. సింధు నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో ఉంది. కలలో అద్దాలు వస్తున్నాయి, పోతున్నాయి. ఒక అద్దం మీద నీడ పడింది. గీత కాదు, నీడ. అది అద్దం మీదుగా జారి నేల మీదికి వచ్చింది. అప్పుడు పుంజు గొంతులోంచి సాగదీసినట్టు ఒక కేక వినిపించింది. అలాంటి శబ్దం ఆమె చిన్నప్పుడు విన్నది. కళ్లు తెరిచింది. పెరట్లో పెట్టలన్నీ ఒక్కసారిగా మల్బరీ వరసల్లోకి దూరిపోయాయి. తెల్లకోడి ఒక్కటే నడి పెరట్లో నిలబడి ఉంది. దానికి ఆకాశంలోంచి వచ్చేదేదీ తెలియదు.

పుంజు పరుగెత్తింది. తెల్లకోడిని ఛాతీతో ఒక్క తోపు తోసింది. గద్ద దిగింది. ఈకలు, దుమ్ము, పెద్ద రెక్కలు. సింధు ఎలా లేచిందో, తలుపు ఎప్పుడు తీసిందో ఆమెకి తెలియదు. దుప్పటి చేతపట్టుకుని చెప్పుల్లేకుండా పరుగెత్తి, ఆ రెక్కల మీదికి దుప్పటి విసిరింది. గద్ద దుప్పటి కిందనుంచి జారి, బరువుగా లేచి, షెడ్డు మీదుగా పోయింది. దాని గోళ్లలో ఏమీ లేదు.

అంతా మళ్లీ నిశ్శబ్దం. సింధు ఎండలో నిలబడి, తను ఇంకా పడుకునే ఉందా అనుకుంది. చేతిలో దుప్పటి మీద నెత్తురు చుక్కలు చూశాక గానీ నమ్మలేదు. పుంజు బోడిమెడ మీద రెండు గాట్లు పడ్డాయి. మంజులమ్మ వచ్చి దాన్ని ఒళ్లో పెట్టుకుని పసుపు అద్దింది.

“చెట్టు కిందికి పోయి ఉంటే దీనికేమీ అయ్యేది కాదు,” అంది సింధు.

“పోలేదు కదా,” అంది మంజులమ్మ.

సాయంత్రానికి పెట్టలన్నీ ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. దాణా వేస్తే పుంజు గింజ పట్టి వదిలి, కొక్ కొక్ అని పిలిచింది. గిరిరాజ పెట్టలు కూడా వచ్చి దాని ముందే తిన్నాయి, తరమలేదు. తెల్లకోడి దాని పక్కనే నిలబడింది.

మరునాడు పొద్దున తొమ్మిదింటికి పుంజు మొదటిసారి కూసింది. సింధు అప్పుడే నిద్రలోకి జారింది. కలలో ఇరవై సెకన్లు అయిపోతున్నాయి. ఇప్పుడు బీప్ అంటుంది అని భుజాలు బిగుసుకున్నాయి. దాని బదులు కూత వచ్చింది, బొంగురుగా, మధ్యలో విరిగి, మళ్లీ అందుకుని. ఆ కూతకి కలలో దీపాలు ఆరిపోయాయి. ఆ చీకట్లో తడిమట్టి వాసన వేసింది. సింధు కళ్లు తెరిచింది. గోనెపట్టా అవతల మంజులమ్మ గొంతు వినిపిస్తోంది.

“ష్, ష్. ఈడొద్దు, ఆ పక్కకి పో. బిడ్డ పండుకోనుండాది.”

“ఉండనివ్వండి పిన్నీ,” అంది సింధు లోపల్నుంచి.

“లేపేసిందా?”

“లేదు. మళ్లీ పడుకుంటున్నాను.”

ఆ రోజు సాయంత్రం నాలుగింటి దాకా లేవలేదు. అలా పడుకుని ఎన్నాళ్లయిందో. తర్వాత కూడా కొన్ని రోజులు బీప్ వచ్చింది, కొన్ని రోజులు రాలేదు. రాని రోజులే పెరిగాయి. గోనెపట్టాలు ఆమే విప్పేసింది.

రెండు వారాలయ్యాక మంజులమ్మ గంపలో ఒక నాటుపెట్ట కింద అన్ని పెట్టలవీ కలిపి పదకొండు గుడ్లు పెట్టింది. రోజూ ఆ గంప మీద మూత మెల్లగా ఎత్తి, చెయ్యి పెట్టి వేడి చూసి మళ్లీ మూసేది. ఇరవై ఒకటో రోజు సింధు షిఫ్టు ముగించి వచ్చేసరికి ఏడు పిల్లలు. నాలుగింటికి బోడిమెడలు, మూడింటికి నూగు మెడలు. ఒకటి ఇంకా తడిగా, పెంకు ముక్క తల మీద పెట్టుకుని కూర్చుంది. గిరిరాజ గుడ్లలోంచి వచ్చినవి కొంచెం పెద్దగా ఉన్నాయి. నల్లకోడి గుడ్డులోంచి వచ్చింది పొగరంగులో ఉంది.

సింధు భుజాన బ్యాగు తియ్యకుండానే గంప ముందు కూర్చుంది. ఒక పిల్లని అరచేతిలోకి తీసుకుంది. అది రెండుసార్లు తల వాల్చి, నిద్రలోకి జారింది.

“దీనికి చిట్టి అని పెడదామా పిన్నీ?” అంది.

“పెట్టు. మిగిలినవాటికీ నువ్వే పెట్టు. పోయి పండుకోమ్మా ముందు. కళ్లు చూడు ఎట్లుండాయో.”

“పోతానులే. ఒక్క నిమిషం.”

ఆ నిమిషం అవలేదు. రామచంద్ర మంచం తెచ్చి వేపచెట్టు నీడలో వేశాడు. సింధు పిల్లని గంపలో పెట్టి, నడుం వాల్చి, చెయ్యి తల కింద పెట్టుకుని అలాగే నిద్రపోయింది. మంచం కింద పెట్టలు తిరిగాయి. పుంజు రెండుసార్లు కూసింది. ఆమె కదల్లేదు.

పొద్దెక్కాక ఆంజప్ప కంచె దాటి వచ్చాడు. మంచం చూసి గొంతు తగ్గించాడు. గంప దగ్గర చాలాసేపు వంగి చూశాడు.

“మంజులమ్మా, ఆ బోడిమెడ పిల్లల్లో రెండు నాకిస్తావా?” అన్నాడు గుసగుసగా. “పెరిగినంక.”

“నన్నడిగితే ఎట్లప్పా. ఆ పాపనడుగు. లేచినంక.”

ఆంజప్ప తల ఊపి, చప్టా మీద కూర్చుని బీడీ తీశాడు. తీసి, వెలిగించకుండా చేతిలోనే పెట్టుకున్నాడు.